సొంత ఇల్లు మొదటిసారి అమ్ముతున్నారా? ఈసీ నుంచి రిజిస్ట్రేషన్ దాకా అమ్మేవారి పనులు

ఇల్లు కొన్నప్పుడు ప్రతి కాగితాన్నీ వెలుతురుకు పట్టి చూస్తాం. అమ్మేటప్పుడు మాత్రం చూసుకోవలసింది కొనేవారేననీ, మనం వెళ్లి సంతకం పెడితే చాలుననీ అనుకుంటాం. మొదటిసారి ఇల్లు అమ్మేవారికి చిక్కు వచ్చేది ఇక్కడే. బేరం కుదిరి, బయానా చేతికి వచ్చి, కొనేవారి బ్యాంకు తరఫు వకీలు కాగితాలు అడిగిన రోజున గాని మన బీరువాలోని దస్తావేజులో ఏముందో మనం చదవం. అప్పటికే గడువు నడుస్తూ ఉంటుంది. అందుకే గేటుకు అమ్మకం బోర్డు కట్టకముందే, ఆ ఇంటిని మనమే కొనబోతున్నట్టుగా కాగితాలన్నీ ఒకసారి చదవాలి.

ఇక్కడ చెబుతున్నది తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఇల్లు, ఫ్లాటు, ఇంటి స్థలం వంటి ఆస్తుల సంగతి. ఇవి సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో రిజిస్టరు అవుతాయి. సాగు భూమి దారి వేరు. తెలంగాణలో అది భూభారతి పోర్టల్ ద్వారా తహసీల్దారు దగ్గర జరుగుతుంది.

మొదటి దరఖాస్తు ఈసీకి

ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) అంటే మన ఆస్తి మీద ఇప్పటిదాకా రిజిస్టరైన అమ్మకాలు, దానాలు, తాకట్లు, విడుదలల జాబితా. తెలంగాణలో రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖ వెబ్‌సైటులో, ఆంధ్రప్రదేశ్‌లో అదే శాఖకు చెందిన ఐజీఆర్ఎస్ వెబ్‌సైటులో దస్తావేజు నంబరు, సంవత్సరం, సబ్ రిజిస్ట్రారు కార్యాలయం పేరు ఇచ్చి వెతకవచ్చు. సంతకంతో కూడిన ప్రతి కావాలంటే మీసేవలో దరఖాస్తు చేయవచ్చు. ఆన్‌లైన్‌లో 1983 నుంచి వివరాలు దొరుకుతాయి. అంతకు ముందువి కావాలంటే కార్యాలయంలోని పాత పుస్తకాల్లో వెతికించాలి.

మా ఇంటి ఈసీ తీసిన రోజు నాకు బాగా గుర్తుంది. చివరి వరుసలో నేను ఎప్పుడో మరచిపోయిన బ్యాంకు పేరు కనిపించింది. ఇంటి అప్పు తీరి ఏళ్లు దాటింది. అసలు దస్తావేజు వెనక్కి వచ్చింది, బాకీ లేదన్న లేఖ కూడా ఫైలులో ఉంది. కానీ అప్పు తీసుకున్నప్పుడు తాకట్టు పత్రం రిజిస్టరు అయింది, తీరినప్పుడు దానికి విడుదల పత్రం రిజిస్టరు కాలేదు. అంటే సర్కారు లెక్కలో మా ఇల్లు ఇంకా తాకట్టులోనే ఉంది. మేము అప్పు తీసుకున్న శాఖ ఈలోగా మరో శాఖలో కలిసిపోయింది. పాత ఖాతా వెతికించి, అధికారిని సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి రప్పించి విడుదల పత్రం చేయించేసరికి పాతిక రోజులు పట్టింది. ఇంకా బయానా తీసుకోలేదు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఒప్పందం గడువు మా చేతుల్లోనే దాటిపోయేది.

ఇప్పుడు అప్పు తీర్చేవారికి కొంత రక్షణ ఉంది. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో అసలు పత్రాలు తిరిగి ఇచ్చి, రిజిస్టరైన తాకట్టును తొలగించాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. తమ వల్ల ఆలస్యమైతే బ్యాంకు రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలి. ఇది 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. అంతకు ముందు తీరిన అప్పులైతే మనమే వెంటపడాలి.

ఈసీతో పాటు నిషేధిత ఆస్తుల జాబితా కూడా అదే వెబ్‌సైటులో చూసుకోండి. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ సెక్షన్ కింద ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్ భూములను ఇందులో పెడతారు. ఒక్కోసారి ఒక సర్వే నంబరులో కొంత భాగమే నిషేధమైనా, నంబరు మొత్తం జాబితాకెక్కుతుంది. మన ఇంటి సర్వే నంబరు అందులో ఉంటే దాన్ని తీయించనిదే రిజిస్ట్రేషన్‌కు స్లాటు (తేదీ, సమయం) తీసుకుని ప్రయోజనం లేదు.

షెడ్యూలు పేజీ చదవండి

దస్తావేజు చివర ఆస్తి వివరాలు, నాలుగు హద్దులు ఉండే పేజీ షెడ్యూలు. చాలామంది అసలు తిరగేయని పేజీ ఇదే. దాన్ని చేత పట్టుకుని ఇంటి చుట్టూ నడవండి. ఉత్తరాన ఫలానావారి ఖాళీ స్థలం అని ఉన్నచోట ఈరోజు మూడంతస్తుల మేడ ఉండవచ్చు. అది తప్పు కాదు, కొత్త దస్తావేజులో ఇప్పటి యజమాని పేరుతో రాసుకోవచ్చు. కానీ తూర్పున 20 అడుగుల రోడ్డు అని రాసి, నిజానికి రోడ్డు పడమర వైపున ఉంటే అది తప్పే.

విస్తీర్ణం కూడా టేపు పెట్టి కొలిపించండి. పాత కాగితాల్లో సెంట్లు, గుంటలు, అంకణాలు ఉంటాయి, ఇప్పటి బేరాలన్నీ చదరపు గజాల్లో నడుస్తాయి. సెంటు అంటే 48.4 చదరపు గజాలు, గుంట అంటే 121. అంకణం మాత్రం ప్రాంతాన్ని బట్టి మారుతుంది కాబట్టి గజాల్లోకి మార్చి రాయించుకోవడమే మంచిది. ఇంటి నంబరు పాత దస్తావేజులో ఒకటి, పన్ను రసీదులో మరొకటి ఉంటే, రెండూ ఒకే ఇంటివని పురపాలక కార్యాలయం నుంచి ధ్రువపత్రం తీసుకోవాలి. ఆధార్, పాన్, దస్తావేజుల్లో పేరు ఒకేలా ఉందో లేదో అక్షరం అక్షరం చూసుకోండి. పెళ్లి తరువాత ఇంటిపేరు మార్చుకున్న ఆడవారికి ఈ తేడా తరచుగా వస్తుంది.

దస్తావేజులోనే తప్పు పడితే సవరణ దస్తావేజు రిజిస్టరు చేయించాలి. దాని మీద మనకు అమ్మినవారు కూడా సంతకం చేయాలి. వారు కాలం చేసి ఉంటే వారి వారసులందరూ రావాలి. ఎప్పుడో ఇల్లు అమ్మి వెళ్లిపోయిన కుటుంబాన్ని వెతికి పట్టుకోవడం వారం రోజుల పని కాదు. ముందే చదవమని ఇంతగా చెప్పడం అందుకే.

సంతకం ఎవరెవరిది

మీ సంపాదనతో మీ పేరిట కొన్న ఇల్లయితే మీ ఒక్కరి సంతకం చాలు. తల్లిదండ్రుల నుంచి వచ్చిన ఇల్లయితే అలా కుదరదు. హిందూ కుటుంబంలో తండ్రి వీలునామా రాయకుండా పోతే, ఆయన స్వార్జితమైన ఇంటిలో భార్య, కొడుకులు, కూతుళ్లతో పాటు, బతికి ఉంటే ఆయన తల్లికి కూడా సమాన వాటా ఉంటుంది. ఉమ్మడి ఆస్తిలోనూ కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఉందని 2005 సవరణ చెప్పింది, 2020లో సుప్రీంకోర్టు దాన్ని మరింత తేటతెల్లం చేసింది. అక్కచెల్లెళ్లకు పెళ్లిలో ఇచ్చేశాం కదా అన్న మాట సబ్ రిజిస్ట్రారు దగ్గర చెల్లదు. వారు కూడా అమ్మకందారులుగా సంతకం చేయాలి, లేదా ముందుగా హక్కు విడుదల పత్రం రిజిస్టరు చేయాలి. వారి వాటా డబ్బు ఇచ్చి సంతకం అడగడమే న్యాయమని నేను నమ్ముతాను. వారసుల్లో మైనరు ఉంటే ఆ వాటా అమ్మడానికి కోర్టు అనుమతి కావాలి.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న అన్నదమ్ములు రాలేకపోతే, అక్కడి భారత కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ మీద సంతకం చేసి, ధ్రువీకరణ ముద్ర వేయించి పంపాలి. అది భారతదేశానికి చేరిన మూడు నెలల లోపు జిల్లా రిజిస్ట్రారు కార్యాలయంలో స్టాంపు రుసుము కట్టించాలి. ఈ మూడు నెలల సంగతి తెలియక కాగితాన్ని ఇంట్లోనే పెట్టుకుని, మళ్లీ కాన్సులేట్‌కు పంపించుకున్నవారు ఉన్నారు. పవర్‌లో ఏ ఇల్లు, ఎవరి వాటా, డబ్బు తీసుకునే అధికారం ఉందా లేదా అన్నవి విడివిడిగా రాయించండి.

బయానా, ఒప్పందం

ఒప్పంద పత్రంలో ధర, బయానా, మిగతా డబ్బు ఎప్పటికి, ఏ విధంగా వస్తుంది, గడువు దాటితే ఏమవుతుంది అన్నవి ఉండాలి. ఖర్చులెవరివో కూడా రాయండి. వేరే ఒప్పందం లేకపోతే స్టాంపు రుసుము కొనేవారిదేనని స్టాంపు చట్టమే చెబుతుంది. నగదు విషయంలో గట్టిగా ఉండండి. ఇంటి అమ్మకం తాలూకు డబ్బు, బయానాతో సహా, 20,000 రూపాయలు గాని అంతకు మించి గాని నగదుగా తీసుకోకూడదు. తీసుకుంటే అంత మొత్తమూ జరిమానాగా పడవచ్చు, ఆ జరిమానా పడేది తీసుకున్నవారి మీద, అంటే మన మీద. కొనేవారు కాగితాలు అడిగితే నకళ్లు ఇవ్వండి. అసలు దస్తావేజులు చూపించండి గాని, డబ్బు పూర్తిగా ముట్టే దాకా చేతికివ్వకండి.

విలువ తక్కువ చూపిద్దామా?

ఈ మాట ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ప్రభుత్వం ప్రతి ప్రాంతానికీ మార్కెట్ విలువ నిర్ణయించి వెబ్‌సైటులో పెడుతుంది. ఆ విలువ, మన అమ్మకం ధర, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీదే రుసుము. తెలంగాణలో స్టాంపు డ్యూటీ 5.5 శాతం, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5. ఆంధ్రప్రదేశ్‌లో వరుసగా 5, 1.5, 1. రెండుచోట్లా కలిపితే 7.5 శాతం. 60 లక్షల ఇంటికి నాలుగున్నర లక్షలు.

ధర తగ్గించి రాస్తే మిగిలేది కొనేవారికి, చిక్కు మనకు. మిగతా సొమ్ము లెక్కల్లో లేని నగదుగా మన చేతికి వస్తుంది. రేపు కొత్త ఇల్లు కొనేటప్పుడు దాన్ని ఎక్కడి నుంచి తెచ్చామో చెప్పలేం. పైగా దస్తావేజులోని ధర కంటే ప్రభుత్వ విలువ పది శాతానికి మించి ఎక్కువగా ఉంటే, ఆదాయ పన్ను శాఖ ప్రభుత్వ విలువనే మన అమ్మకం ధరగా తీసుకుంటుంది.

ధర 50 లక్షలు గాని అంతకు మించి గాని ఉంటే కొనేవారు 1 శాతం పన్ను పట్టుకుని మన పాన్ మీద జమ చేయాలి. పాన్, ఆధార్‌తో అనుసంధానం కాకపోతే ఆ ఒక శాతం 20 శాతం అవుతుంది. కాబట్టి ఒప్పందానికి ముందే సరిచూసుకోండి. అమ్మేవారు విదేశాల్లో స్థిరపడినవారైతే ఈ 50 లక్షల పరిమితి లేదు, రేటూ ఎక్కువే.

స్లాటు, రిజిస్ట్రేషన్ రోజు

రెండు రాష్ట్రాల వెబ్‌సైట్లలోనూ అమ్మేవారు, కొనేవారు, ఆస్తి, చెల్లింపుల వివరాలు ముందుగా మనమే నింపే వీలుంది. రుసుము చలానా కట్టి, తేదీ, సమయం ఎంచుకుంటే స్లాటు ఖరారవుతుంది. తెలంగాణలో సబ్ రిజిస్ట్రారు కార్యాలయాలకు ఈ పద్ధతి 2025లో వచ్చింది, ఆంధ్రప్రదేశ్‌లోనూ అదే ఏడాది మొదలైంది. దస్తావేజు లేఖరి చేతనే రాయించాలన్న నిబంధన లేదు. లేఖరి రాసినా, వకీలు రాసినా, చిత్తు ప్రతిని రెండు రోజుల ముందే తెప్పించుకుని ఇంట్లో ఒకరు పైకి చదువుతుంటే మరొకరు పాత దస్తావేజుతో పోల్చి చూడండి. కార్యాలయం వరండాలో నిలబడి చదివితే తప్పులు కంటికి ఆనవు.

ఆ రోజు ఆధార్, పాన్, అసలు దస్తావేజు, లింకు దస్తావేజులు (మనకు ముందరి యజమానుల దస్తావేజులు), ఇంటి పన్ను రసీదు తీసుకువెళ్లాలి. ఇద్దరు సాక్షులు తమ ఆధార్‌తో రావాలి. సబ్ రిజిస్ట్రారు మనల్ని పిలిచి ఈ దస్తావేజు రాసి ఇచ్చింది మీరేనా అని అడుగుతారు. అవునని చెప్పాక ఫోటో, వేలిముద్రలు తీసుకుంటారు. తరువాత దస్తావేజుకు నంబరు వేసి, స్కాన్ చేసి కొనేవారికి ఇస్తారు.

దస్తావేజులో ధర మొత్తం ముట్టింది అనే వాక్యం ఉంటుంది. సంతకానికి ముందు ఆ వాక్యం దగ్గర ఆగండి. అందులో రాసిన ప్రతి చెల్లింపూ, చెక్కు లేదా డీడీ నంబరు, తేదీ, బ్యాంకు పేరుతో సహా మన ఖాతా లెక్కతో సరిపోవాలి. కొనేవారు బ్యాంకు అప్పుతో కొంటుంటే వారి బ్యాంకు ప్రతినిధి డీడీని కార్యాలయానికే తెస్తారు. దాన్ని చేతిలోకి తీసుకుని పేరు, అంకెలు చూశాకే సంతకం. సాయంత్రానికి బదిలీ చేస్తాం అంటే రిజిస్ట్రేషన్‌ను మరుసటి రోజుకు మార్చమనండి. మొహమాటపడవలసిన పని లేదు, ఇది ఎదుటివారిని అనుమానించడం కాదు.

మంచం దిగలేని పెద్దవారు అమ్మేవారైతే, దరఖాస్తు చేసి రుసుము కడితే సబ్ రిజిస్ట్రారే ఇంటికి వచ్చి వేలిముద్రలు తీసుకునే వీలు చట్టంలో ఉంది. సంతకాలు ముందే అయిపోయి రిజిస్ట్రేషన్ ఆగిపోతే, సంతకం తేదీ నుంచి నాలుగు నెలల లోపు దస్తావేజును సమర్పించాలి.

పన్ను, తాళాలు

ఇల్లు మన చేతిలో 24 నెలలకు మించి ఉంటే లాభం దీర్ఘకాలిక మూలధన లాభం. దాని మీద పన్ను 12.5 శాతం. 2024 జులై 23కు ముందు వచ్చిన ఇల్లయితే, దేశంలో ఉంటున్నవారు ధరల సూచీతో కొన్న ధరను పెంచుకుని 20 శాతం లెక్క కూడా వేసుకోవచ్చు, ఏది తక్కువైతే అది కడితే చాలు. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్నదైతే ఆ ఏప్రిల్ 1 నాటి మార్కెట్ విలువను కొన్న ధరగా తీసుకోవచ్చు. వారసత్వంగా వచ్చిన ఇంటికి మొదట కొన్నవారి ధరే మన ధర. కాబట్టి నాన్నగారి పాత దస్తావేజును, గది కట్టించిన నాటి బిల్లులను పారేయకండి. లాభాన్ని మరో ఇంటిలో పెడితే మినహాయింపు ఉంది. అమ్మకానికి ఏడాది ముందు లేదా రెండేళ్ల లోపు కొనాలి, లేదా మూడేళ్లలో కట్టుకోవాలి. రిటర్ను గడువు నాటికి ఇల్లు కుదరకపోతే ఆ సొమ్మును బ్యాంకులో మూలధన లాభాల ఖాతాలో వేసి ఉంచాలి. మామూలు డిపాజిట్‌లో వేస్తే మినహాయింపు రాదు.

ఇంటి పన్ను, నీటి బిల్లు బకాయిలు కట్టి రసీదులు కొనేవారికి ఇవ్వండి. ఇంటి పన్ను, కరెంటు కనెక్షన్ కొత్త పేరుకు మారాయో లేదో నెల తరువాత మీరే ఒకసారి ఆన్‌లైన్‌లో చూసుకోండి, లేకపోతే బకాయి నోటీసులు మీ పేరుకే వస్తాయి. అసలు దస్తావేజులు ఇచ్చేముందు ప్రతి పేజీ నకలు తీసి, అందుకున్నట్టు సంతకం చేయించుకోండి. తాళాలు ఇచ్చే రోజు కరెంటు మీటరు రీడింగును ఫోటో తీసి కొనేవారి ఫోనుకు పంపండి. ఆ నెల బిల్లులో ఎవరి వాటా ఎంతో దానితో తేలిపోతుంది.