ఎస్సై కేసు రాయనంటే కాగితం ఎటు పోవాలి

నల్లగొండ, పాలమూరు వైపు ఠాణా మెట్లెక్కినవాళ్లకు తరచూ వినిపించే మాటలు మూడు. "ఇది మా పరిధి కాదు." "ముందు పెద్దమనుషుల్లో మాట్లాడుకోండి." "పిటిషన్ ఇచ్చిపోండి, చూస్తాం." మూడింటికీ చట్టంలో జవాబుంది. అయితే ఆ జవాబు పనిచేయాలంటే తేదీ, ముద్ర ఉన్న కాగితం మీ చేతిలో ఉండాలి. ఎస్పీ అయినా మేజిస్ట్రేటు అయినా మొదట అడిగేది దాన్నే. కింద రసీదు తీసుకోకుండా పైకి పోతే, పైవాళ్లు మళ్లీ కిందికే పంపుతారు.

కంప్లెయింట్ రాయడం

తెల్ల కాగితం మీద తెలుగులో రాస్తే చాలు. స్టాంపు, ఫీజు ఏమీ లేవు. మూడు ప్రతులు రాసుకోండి: ఒకటి ఠాణాకు, ఒకటి ముద్ర వేయించుకోవడానికి, ఒకటి ఇంట్లో. ప్రతి పేజీ కింద సంతకమో వేలిముద్రో ఉండాలి. తేదీ, సమయం, స్థలం, ఎవరు ఏం చేశారు, ఎవరు చూశారు, ఏ దెబ్బ ఎక్కడ తగిలింది, ఏ వస్తువు పోయింది, దాని విలువెంత అన్నవి జరిగిన వరుసలోనే రాయాలి. ఫోను పోతే ఐఎంఈఐ నంబరు, బండి పోతే రిజిస్ట్రేషన్ నంబరు వేయాలి. సెక్షన్లు మీరు వేయనవసరం లేదు, అది ఠాణా పని. చివర "తగు చర్య తీసుకోగలరు" అని వదిలేయకుండా "కేసు నమోదు చేసి ఎఫ్‌ఐఆర్ నకలు ఇవ్వాలని కోరుతున్నాను" అని స్పష్టంగా రాయండి. మొదటి మాట రాస్తే పిలిచి మందలించి పంపినా చర్య తీసుకున్నట్టే లెక్క కడతారు.

భూమి తగాదాల దగ్గరే ఎక్కువమంది చిక్కుకుంటారు. తాత కాలం నాటి పట్టా, పాస్‌బుక్కు, ధరణిలో పడ్డ తప్పు, అన్నదమ్ముల పంపకాలు అన్నీ నాలుగు పేజీలు రాసి, చివరి పేజీలో "నిన్న కంచె విరగ్గొట్టి నా భార్యను కొట్టారు" అంటారు. ఎస్సై మొదటి పేజీ చదివి "ఇది సివిల్ పంచాయితీ, కోర్టుకు పో" అంటాడు. ఆ మాట సగం నిజమే. భూమి ఎవరిదో తేల్చే అధికారం పోలీసులకు లేదు. కానీ కొట్టడం, చొరబడడం, బోరు మోటారు పగలగొట్టడం నేరాలే. అందుకని భూమి గురించి సర్వే నంబరుతో ఒక్క వాక్యం రాసి, మిగతా కాగితమంతా ఆ రోజు జరిగిన నేరానికే ఉంచండి. భూమి కాగితాలు తహసీల్దారు దగ్గరికో కోర్టుకో వేరుగా పోవాలి.

స్టేషన్ రైటర్ మీ కంప్లెయింటును తన మాటల్లో తిరగరాస్తే, పూర్తిగా చదివించుకున్నాకే సంతకం చేయండి. నోటితో చెప్పిన దాన్ని రాసుకున్నా చదివి వినిపించాలని చట్టమే చెబుతోంది. ఖాళీ కాగితం మీద సంతకం ఏ కారణానికీ పెట్టొద్దు. "రాజీ" అన్న మాటతో మొదలయ్యే కాగితాలు చాలావరకు అలా తయారైనవే.

రసీదు వేరు, ఎఫ్‌ఐఆర్ వేరు

రిసెప్షన్‌లో ఇచ్చే పిటిషన్ రసీదు కాగితం అందిందన్న సాక్ష్యం మాత్రమే. ఎఫ్‌ఐఆర్‌కు నంబరు, సంవత్సరం, సెక్షన్లు ఉంటాయి. దాని నకలు ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. 2024 జూలై 1 నుంచి పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే బీఎన్‌ఎస్‌ఎస్, అమల్లో ఉంది. కేసు నమోదు సంగతి అందులో 173వ సెక్షన్‌లో ఉంటుంది.

పరిధి కాదన్న మాట ఆ సెక్షన్ ముందు నిలవదు. నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా చెప్పొచ్చు. వాళ్లు జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి సంబంధిత ఠాణాకు పంపాలి. అలంపూర్ వాళ్లకు కర్నూలు, కృష్ణా మండలం వాళ్లకు రాయచూరు, నాగార్జునసాగర్ వాళ్లకు మాచర్ల పక్కనే ఉంటాయి కాబట్టి సరిహద్దు ఊళ్లలో ఇది బాగా పనికొస్తుంది. ఆన్‌లైన్‌లోనో మెయిల్‌లోనో ఫిర్యాదు పంపితే మాత్రం 3 రోజుల్లోపు పోయి సంతకం చేయాలి. చేయకపోతే అది రికార్డుకెక్కదు.

వారెంటు లేకుండా అరెస్టు చేయగల నేరం జరిగిందని ఫిర్యాదులో కనిపిస్తే కేసు కట్టి తీరాలని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఇప్పుడున్న వెసులుబాటు ఒకటి: 3 ఏళ్ల నుంచి 7 ఏళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతి తీసుకుని 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేయొచ్చు. "విచారణలో ఉంది" అని నెల దాటిస్తుంటే డీఎస్పీ అనుమతి తేదీ ఏమిటని రాతపూర్వకంగా అడగండి. అనుమతే లేని చోట ఈ ఒక్క ప్రశ్నకే కేసు నంబరు పడుతుంది. అత్యాచారం, లైంగిక దాడి, యాసిడ్ దాడి వంటి ఫిర్యాదులు రాసుకోని అధికారికి ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 199వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 2 ఏళ్ల కఠిన శిక్ష ఉంది.

చిన్న గొడవ, వారెంటు లేకుండా పట్టుకోలేని నేరం అయితే జనరల్ డైరీలో రాసి మేజిస్ట్రేటు దగ్గరికి పొమ్మనాలి. అప్పుడు ఆ జీడీ నంబరు అడిగి రాసుకోండి.

ఎస్పీకి పంపడం

ఎస్సై కాదంటే సీఐనీ డీఎస్పీనీ కలవడం మామూలే. అయితే చట్టం కోరేది అది కాదు. 173(4) ప్రకారం ఫిర్యాదు సారాంశాన్ని పోస్టులో ఎస్పీకి పంపాలి. స్పీడ్ పోస్టులో పంపి, రసీదునూ డెలివరీ అయినట్టు చూపే ట్రాకింగ్ ప్రింటునూ కలిపి పిన్ చేసి పెట్టుకోండి. తర్వాత కోర్టులో పనికొచ్చేవి ఆ రెండే.

జిల్లా ఎస్పీ ఆఫీసుల్లో సోమవారం గ్రీవెన్స్ జరుగుతుంది. పోవడం మంచిదే, పెద్దాయన మొహం మీదే చెప్పుకున్న తృప్తి కూడా ఉంటుంది. కానీ అక్కడిచ్చిన మామూలు పిటిషన్ చాలాసార్లు "విచారించి నివేదించండి" అన్న రాతతో అదే ఎస్సై టేబుల్ మీదికి చేరుతుంది. దాన్ని ఆపాలంటే కాగితం పైభాగంలో మూడు విషయాలు ఉండాలి: ఇది 173(4) కింద ఇస్తున్న ఫిర్యాదు అని, ఫలానా తేదీన ఫలానా ఠాణాలో ఇస్తే కేసు కట్టలేదని, అందుకని విచారణ ఆ ఠాణాకు కాకుండా వేరే అధికారికి అప్పగించాలని. ఠాణా రసీదు నకలు జత చేయండి. రసీదు ఇవ్వలేదా? ఏ రోజు, ఏ గంటకు పోయారో, ఎవరు తీసుకోనన్నారో రాయండి.

ఎస్పీ దగ్గరా కదలకపోతే మేజిస్ట్రేటు కోర్టు. 175(3) కింద వేసే దరఖాస్తుకు ప్రమాణపత్రం తప్పనిసరి. ఎస్పీకి పంపిన ఆధారం లేకుండా వేస్తే అక్కడే ఆగిపోతుంది. వకీలు ఫీజు భారమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోవచ్చు, హెల్ప్‌లైన్ 15100. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును పెడతారు.

కేసు కట్టాక కూడా నిద్రపోవద్దు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు ఫిర్యాదుదారుకు తెలియజేయాలని 193వ సెక్షన్ చెబుతోంది.

బైండోవర్ చేస్తామంటే

గొడవ జరిగిన ఊళ్లో దెబ్బలు కొట్టినవాళ్లనూ తిన్నవాళ్లనూ కలిపి తహసీల్దారు ముందు బైండోవర్ చేయడం మన దగ్గర పాత అలవాటు. ఇది శిక్ష కాదు, శాంతిభద్రతలకు భంగం కలిగించనని రాసిచ్చే పూచీకత్తు. 126వ సెక్షన్ కింద ఏడాదికి మించి ఉండదు. అయితే ఏ సమాచారం మీద పిలిచారో, ఎంత మొత్తానికి, ఎంత కాలానికి బాండు అడుగుతున్నారో రాతపూర్వక ఉత్తర్వు ఉండాలి. ఆ ఉత్తర్వు నకలు తీసుకుని, "నేను బాధితుడిని, నా ఫిర్యాదు ఫలానా తేదీది" అని జవాబు రాసివ్వండి. సంతకం చేసి వచ్చేస్తే రేపు ఇంకో గొడవలో అదే మీ మీద చూపిస్తారు.

పోలీసులే కొడితే, పైసలడిగితే

కొట్టిన కేసులో మొదటి 24 గంటలు చాలా విలువైనవి. సర్కారు దవాఖానకు పోయి మెడికో లీగల్ కేసుగా రాయించండి. డాక్టరుకు "పడిపోయాను" అని చెప్పొద్దు. భయంతో చెప్పిన ఆ ఒక్క మాట తర్వాత దేంతోనూ చెరగదు. అరెస్టయి ఉంటే మేజిస్ట్రేటు ముందు హాజరుపరిచినప్పుడు నోరు విప్పి చెప్పాలి. 24 గంటల్లో హాజరుపరచడం, అరెస్టు మెమో రాయడం, బంధువులకు చెప్పడం, డాక్టరు పరీక్ష ఇవన్నీ చట్టం పెట్టిన షరతులే.

తర్వాతి పని కెమెరా. 2020 డిసెంబర్ 2న పరంవీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి ఠాణాలో ప్రధాన గేటు, లాకప్పులు, వరండాలు, ఇన్‌స్పెక్టర్, ఎస్సై గదులు, బాత్రూముల బయట, వెనక భాగం ఏదీ వదలకుండా కెమెరాలు ఉండాలంది. రికార్డును 18 నెలలు, పరికరం సామర్థ్యం చాలకపోతే కనీసం ఏడాది ఉంచాలి. కెమెరాలు పనిచేసేలా చూసే బాధ్యత స్టేషన్ హౌస్ ఆఫీసర్‌దే. మీరు వెంటనే రాయాల్సింది ఫుటేజీ ఇమ్మని కాదు, చెరిపేయకుండా భద్రపరచమని. ఠాణా పేరు, తేదీ, ఏ గంట నుంచి ఏ గంట దాకా, ఏ గది అన్నవి స్పష్టంగా ఉండాలి. ఆ ఉత్తరం ఎస్‌హెచ్‌ఓతో పాటు ఎస్పీకి, కలెక్టరుకు పోవాలి. కలెక్టరు ఎందుకంటే, ఆ తీర్పు చెప్పిన జిల్లా పర్యవేక్షణ కమిటీలో కలెక్టరు, ఎస్పీలతో పాటు పట్టణంలో మేయరు, గ్రామీణంలో జిల్లా పరిషత్ అధిపతి సభ్యులు. కెమెరా పనిచేయలేదంటే ఎప్పటినుంచి, ఆ సంగతి ఠాణా ఈ కమిటీకి ఎప్పుడు తెలిపింది అని అడగాలి. ఎదురుగా ఉన్న దుకాణం కెమెరా సంగతి మరిచిపోవద్దు. దాని రికార్డు నెలలోపే పోవచ్చు.

రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు ఫీజు లేకుండా తెలుగులో ఫిర్యాదు పంపొచ్చు. ఘటన జరిగి ఏడాది దాటితే తీసుకోరు. జాతీయ కమిషన్‌కూ రాష్ట్ర కమిషన్‌కూ ఒకేసారి పంపొద్దు. ఒకచోట పెండింగులో ఉన్నదాన్ని మరోచోట చేపట్టరు. కమిషన్ నేరుగా శిక్ష వేయదు, సిఫారసు చేస్తుంది. కానీ ఫుటేజీ తెప్పించుకునే శక్తి దానికి ఉంది. 2006 నాటి ప్రకాశ్ సింగ్ తీర్పు ప్రకారం పోలీసు ఫిర్యాదుల అథారిటీలు కూడా ఉండాలి. డీఎస్పీ స్థాయి వరకు జిల్లా అథారిటీ, ఎస్పీ, ఆపై స్థాయికి రాష్ట్ర అథారిటీ. కస్టడీ మరణం, తీవ్రగాయం, అత్యాచారం వీటి పరిధిలోవి. జిల్లా అథారిటీ బలవంతపు వసూళ్లు, భూకబ్జాలు కూడా చూడొచ్చు.

లంచమైతే దారి వేరు. డబ్బు ఇచ్చాక కాదు, ఇవ్వకముందే ఏసీబీ టోల్‌ఫ్రీ 1064కు చెప్పాలి.

డ్యూటీలో ఉన్న పోలీసు మీద కోర్టుకు పోతే 175(4) వస్తుంది. మేజిస్ట్రేటు పై అధికారి నివేదికనూ ఆ అధికారి వివరణనూ చూశాకే దర్యాప్తుకు ఆదేశించగలడు. ఆలస్యమవుతుంది. అందుకే దవాఖాన కాగితం, ఫుటేజీ ఉత్తరం ముందే సిద్ధంగా ఉండాలనేది.

ఊరు కూర్చుని చూడగలిగే చోట్లు

ఎస్సీ, ఎస్టీల మీద జరిగే దౌర్జన్యాల కేసుల్లో, అంటే అట్రాసిటీ కేసుల్లో, సామాన్యుల కన్ను పడే దారి చట్టంలోనే ఉంది. అట్రాసిటీ చట్టం నిబంధనల్లో 17వ దాని కింద కలెక్టరు అధ్యక్షతన జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ 3 నెలలకోసారి కూర్చోవాలి. అందులో ఎంపీ, ఎమ్మెల్యేలు, ఎస్పీతో పాటు అనధికార సభ్యులూ ఉంటారు. డివిజన్ స్థాయిలోనూ కమిటీ ఉంటుంది. మీ కేసులో ఎఫ్‌ఐఆర్ ఆలస్యమైందా, డీఎస్పీ కాకుండా కింది అధికారి దర్యాప్తు చేస్తున్నాడా, 60 రోజులు దాటినా చార్జిషీటు పడలేదా, పరిహారం ఆగిందా? కేసు నంబరు, తేదీలు ఒకే పేజీలో రాసి సమావేశానికి ముందే సభ్యుల చేతికి ఇవ్వండి. సమావేశం రోజు హాలు బయట ఇచ్చిన కాగితం ఎజెండాలోకి ఎక్కదు. ఈ కేసులకు ప్రాథమిక విచారణ అక్కర్లేదని అదే చట్టం 18ఏ సెక్షన్ చెబుతోంది కాబట్టి "విచారించాక కడతాం" అన్న మాట ఇక్కడ చెల్లదు.

నెలాఖరున ఊళ్లలో జరిపే పౌర హక్కుల దినానికి తహసీల్దారు, ఎస్సై వస్తారు. ఫొటో దిగి వెళ్లిపోనివ్వకుండా హోటల్లో వేరు గ్లాసు, గుడి ప్రవేశం వంటివి పేరు పెట్టి అడిగి, రిజిస్టరులో రాయించి, ఆ పేజీ ఫొటో తీసుకోండి.

దొంగతనాలు, చీకటి సందులు, బెల్టుషాపు దగ్గర గొడవలు వంటివి ఒక్కరు కాకుండా గ్రామసభ అడగాలి. తీర్మానంలో స్థలం, సమయం, ఏం కావాలో ఉండాలి: "బస్టాండు నుంచి హైస్కూలు దాకా రాత్రి 8 నుంచి 11 మధ్య గస్తీ". ఉత్త "భద్రత పెంచాలి" అంటే జవాబు కూడా అంతే ఉత్తగా వస్తుంది. వీధి దీపాలు పోలీసుల పని కాదు, పంచాయతీ పని. ఆ రెండింటినీ ఒకే తీర్మానంలో కలపొద్దు.

లెక్కలు అడగడం

సమాచార హక్కు చట్టం కింద ఎస్పీ ఆఫీసులోని పౌర సమాచార అధికారికి 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి. "ఎందుకు కేసు కట్టలేదు" అని అడిగితే అది సమాచారం కాదని తిప్పి పంపుతారు. రికార్డు అడగాలి: ఫలానా నెలలో ఠాణాకు అందిన పిటిషన్లు ఎన్ని, కట్టిన ఎఫ్‌ఐఆర్‌లు ఎన్ని, కెమెరాలు మొత్తం ఎన్ని, పనిచేయనివి ఎన్ని, కెమెరాల పర్యవేక్షణ కమిటీ గత ఏడాది సమావేశాల మినిట్స్ నకళ్లు, ఫలానా పిటిషన్ మీద రాసిన ఫైలు నోట్ల నకళ్లు. జవాబుకు 30 రోజులు, వ్యక్తి ప్రాణం, స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటలు.

పోలీసు శాఖ ఎక్కువగా వాడే తిరస్కరణ 8(1)(హెచ్): దర్యాప్తుకు ఆటంకమని. దర్యాప్తు నడుస్తున్నంత మాత్రాన సరిపోదు, సమాచారం ఇస్తే ఆటంకం ఎలా కలుగుతుందో వాళ్లు చూపాలి. తిరస్కరణ అందిన 30 రోజుల్లో మొదటి అప్పీలులో ఈ ఒక్క పాయింటే రాయండి. ఆ పైన 90 రోజుల్లో హైదరాబాద్‌లోని సమాచార కమిషన్‌కు పోవచ్చు. కెమెరాల సంఖ్య, మినిట్స్ వంటివి ఏ కేసు దర్యాప్తుకూ చెందవు కాబట్టి, వాటిని కేసు కాగితాలతో కలపకుండా వేరే దరఖాస్తులో అడిగితే ఈ సెక్షన్ అడ్డే రాదు.