మైసెల్స్ రియాక్షన్‌ని ఎటు లాగుతాయో డిగ్రీ ల్యాబ్‌లోనే చూడాలంటే

అమలాపురం, భీమవరం వైపు ప్రాజెక్ట్ రికార్డుల్లో ఎక్కువగా కనిపించే లైను "సర్ఫాక్టెంట్ కలిపితే రియాక్షన్ ఫాస్ట్ అవుద్ది" అని, సర్ఫాక్టెంట్ అంటే సబ్బు లాంటి పదార్థం. సగమే నిజం అండీ, అదే రియాక్షన్ ఒక సర్ఫాక్టెంట్‌తో పరిగెడుద్ది, ఇంకోదాంతో పడుకుంటది, మైసెల్ (సర్ఫాక్టెంట్ అణువులు నీళ్ళలో కూడి కట్టే గుంపు) పైన చార్జి ఏంటి, రియాక్ట్ అయ్యేవాటి చార్జి ఏంటి అన్నదాన్ని బట్టి ఉంటది. 1959లోనే డూన్‌స్టీ, గ్రున్‌వాల్డ్ అనే కెమిస్టులు ఇది రంగులతో చూపించేశారు, మనం చేసేది దాదాపు అదే.

కావాల్సినవి క్రిస్టల్ వయొలెట్ అనే రంగు, సోడియం హైడ్రాక్సైడ్, సీటాబ్ (పాజిటివ్ చార్జి సర్ఫాక్టెంట్), ఎస్‌డీఎస్ (నెగటివ్ చార్జిది), రంగు ఎంత ఉందో కొలిచే కలరీమీటర్. హైడ్రాక్సైడ్ తగిలితే ఆ రంగు మెల్లగా వెలిసిపోద్ది, మనం కొలిచే రియాక్షన్ అదే. నీళ్ళు మాత్రం డిస్టిల్డ్ వాటరే, మన బోరు నీళ్ళు వద్దు, సముద్రం దగ్గర ఊళ్ళల్లో అయితే అసలే వద్దు, కాల్షియం ఉంటే ఎస్‌డీఎస్ తెల్లగా విరిగిపోద్ది, ఉప్పుంటే మైసెల్స్ మొదలయ్యే గాఢత, అంటే సీఎంసీ, పడిపోద్ది. ఎస్‌డీఎస్‌కి మామూలు నీళ్ళలో అది 8 మిల్లీమోలార్ దగ్గర, 0.1 మోలార్ ఉప్పులో ఒకటిన్నరకి వచ్చేస్తది. సీటాబ్‌కి మామూలు నీళ్ళలో 0.9 మిల్లీమోలార్ దగ్గర. పొటాషియం హైడ్రాక్సైడ్ ఉంది కదా అని అది వాడకండి, పొటాషియం తగిలినా ఎస్‌డీఎస్ గడ్డకడుద్ది.

సీటాబ్ 0.73 గ్రాములు 100 మిల్లీలీటర్లలో కరిగిస్తే 20 మిల్లీమోలార్. చలికాలం పొద్దున్నే అడుగున ముత్యాల్లా గడ్డకట్టి ఉంటే గోరువెచ్చ నీళ్ళలో పెట్టి కరిగించాకే పిపెట్ ముంచండి. రంగు 4 మిల్లీగ్రాములు 100 మిల్లీలీటర్లకి. ఇక ప్రతి ట్యూబులో మొత్తం 10 మిల్లీలీటర్లు అయ్యేలా రంగు 1 మిల్లీలీటరు, సీటాబ్ చివరికి 0, 0.5, 1, 2, 5, 10 మిల్లీమోలార్ వచ్చేలా, మిగతాది నీళ్ళు, ఆఖర్న 0.05 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 1 మిల్లీలీటరు వేసి స్టాప్‌వాచ్ నొక్కండి. గట్టిగా ఊపొద్దు, నురగ బుడగలు రీడింగ్ పాడుచేస్తాయి. 590 నానోమీటర్ల దగ్గర అబ్జార్బెన్స్ రాసుకుని దాని సహజ లాగరిథమ్‌కి, టైముకి గ్రాఫ్ గీస్తే ఆ గీత వాలు (స్లోప్) ఎంతో అదే రేటు. ఎస్‌డీఎస్‌కి 40 మిల్లీమోలార్ చేసుకుని ఇదే వరస.

సీటాబ్‌తో రేటు సీఎంసీ చుట్టుపక్కల ఎగిరిపోద్ది, ఒక్కోసారి పుస్తకంలో నంబరు కన్నా కాస్త ముందే, ఆపైన ఒక చోట గరిష్టానికి వెళ్ళి తగ్గడం మొదలెడుద్ది. ఎందుకంటే పాజిటివ్ మైసెల్ ఉపరితలం హైడ్రాక్సైడ్‌ని తనచుట్టూ గుమిగూడేలా చేస్తది, రంగు అణువుకి పాజిటివ్ చార్జి ఉన్నా దాని నూనె స్వభావం వల్ల వచ్చి అతుక్కుంటది, నరసాపురం రేవులో గోదారి దాటించే పంటు (పడవ) ఒక్కటే ఉంటే అందరూ అందులోనే తగులుకుంటారు కదా, పంట్లు పెరిగితే తలా ఒకదాంట్లో ఎక్కేస్తారు, ఆ తగ్గుదల అదే. ఎస్‌డీఎస్‌లో రంగు మైసెల్‌కి అంటుకుంటది గానీ నెగటివ్ ఉపరితలం హైడ్రాక్సైడ్‌ని దగ్గరికి రానివ్వదు, రేటు పడిపోద్ది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన టెస్ట్ ఇంకోటి ఉంది, చాలామంది వదిలేస్తారు. సీటాబ్ ట్యూబులో 50 మిల్లీమోలార్ సోడియం బ్రోమైడ్ కలపండి, పెరిగిన వేగం చాలావరకు పోద్ది, బ్రోమైడ్ వచ్చి హైడ్రాక్సైడ్ సీట్లో కూర్చుంటది మరి. సీటాబ్ లేకుండా అంతే ఉప్పుతో ఒక ట్యూబు కూడా పెట్టకపోతే వైవాలో దొరికిపోతారు.

ఇప్పటిదాకా వేగం సంగతి, మైసెల్స్ ఈక్విలిబ్రియంని ఎటు జరుపుతాయో కంటితోనే తెలుస్తది. పలచటి సోడియం ఎసిటేట్ బఫర్ 4.5 పీహెచ్‌కి తెచ్చి బ్రోమోక్రిసాల్ గ్రీన్ అనే ఇండికేటర్ వేసి, సగంలో సీఎంసీ దాటేలా సీటాబ్ కలిపితే ఆకుపచ్చ కాస్తా నీలానికి జరుగుద్ది. పీహెచ్ మీటరు మాత్రం దాదాపు కదలదు, మారింది ఇండికేటర్ పీకేఏ (అది సగం రంగు మారే పీహెచ్), దాని నెగటివ్ రూపాన్ని మైసెల్ పట్టుకుంటది కాబట్టి. ఈ చార్జి లెక్కని హార్ట్లీ అనే కెమిస్టు 1934లోనే చెప్పాడు.

ఇది చూశాక రొయ్యల చెరువులో క్రిములు చావడానికి బీకేసీ (బెంజాల్కోనియం క్లోరైడ్) వేస్తారు కదా, అదీ పాజిటివ్ సర్ఫాక్టెంటే, మరి పీహెచ్ కిట్ తప్పు చూపిస్తదా అని అనుమానం వస్తది. 1 పీపీఎం అంటే లీటరుకి సుమారు 3 మైక్రోమోల్స్, దాని సీఎంసీ కొన్ని మిల్లీమోలార్లు, వెయ్యి రెట్లు కింద ఉన్నాం, చెరువులో మైసెల్ ఏర్పడే ప్రశ్నే లేదు, క్రిముల పొరని దెబ్బతీసేది విడి అణువులే. మీ ట్యూబుల్లో మిగిలిన సీటాబ్‌ని మాత్రం పంటకాలవలో పొయ్యకండి, చేపలకి విషం, ల్యాబ్ వేస్ట్ డబ్బాలోకే.