సైకాలజీ ఆనర్స్ చదవడం ఎలా?

మనసుల గురించీ కలల గురించీ చదువుకోవచ్చనుకుని సైకాలజీ ఆనర్స్‌లో చేరతారు. తీరా క్లాసుకు వెళ్తే స్టాటిస్టిక్స్ ఎదురవుతుంది. మోసపోయామని అనుకోనక్కర్లేదు. 1879లో విల్‌హెల్మ్ వుంట్ అనే సైకాలజిస్ట్ జర్మనీలోని లైప్‌జిగ్‌లో ల్యాబ్ పెట్టిన నాటి నుంచీ ఈ సబ్జెక్టు పట్టుదల ఒకటే: మనసు గురించి ఊరికే చెబితే చాలదు, కొలిచి చూపించాలి.

ఆనర్స్ కొన్ని దేశాల్లో డిగ్రీలోనే కలిసి ఉంటుంది, ఆస్ట్రేలియా లాంటి చోట్ల ఎక్కువగా డిగ్రీ తర్వాత ఇంకో ఏడాది. సాధారణంగా విద్యార్థికి పెద్ద పని మాత్రం సొంతంగా ఒక పరిశోధన చేసి థీసిస్ రాయడమే. అందుకే కింద చెప్పేవన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

1. స్టాటిస్టిక్స్‌ను వాయిదా వేయకండి

ఫార్ములాలు బట్టీ పట్టక్కర్లేదు. ఏ టెస్ట్ ఏ ప్రశ్నకు జవాబిస్తుందో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. రెండు గ్రూపుల సగటులను పోల్చాలంటే టి-టెస్ట్, మూడో అంతకన్నా ఎక్కువో ఉంటే అనోవా, రెండు విషయాలు కలిసి పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా చూడాలంటే కోరిలేషన్. ఈ లెక్కలు చేసే ఆర్, జామోవి అనే సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితమే, మొదటి వారం నుంచే అలవాటు చేసుకోండి.

ఒక్క చోట మాత్రం జాగ్రత్త. పి-వాల్యూ 0.05 కన్నా తక్కువ వస్తే ‘నా ఊహ నిజమయ్యే అవకాశం 95 శాతం’ అని రాసేస్తుంటారు. అది తప్పు. అసలు తేడాయే లేదనుకున్నా, ఇంత తేడా గానీ ఇంతకు మించి గానీ కనబడే అవకాశం నూటికి ఐదు కన్నా తక్కువ అని మాత్రమే దానర్థం.

2. పరిశోధన పేపర్లను వరసగా చదవకండి

ముందు సారాంశం, తర్వాత ఉపోద్ఘాతంలో చివరి పేరా, అక్కడి నుంచి నేరుగా మెథడ్, అంటే పరిశోధన ఎలా చేశారో చెప్పే భాగం. ఎంతమందిని తీసుకున్నారు, వాళ్లతో ఏం చేయించారు, ఏం కొలిచారు? గ్రాఫ్ చూసి ముందు మీరే ఒక అభిప్రాయానికి రండి. రచయితలు ఏమన్నారో ఆ తర్వాత చూడండి.

అచ్చయిందల్లా నిజమని నమ్మకపోవడం కూడా చదువులో భాగమే. 2015లో పరిశోధకుల బృందం ఒకటి 100 సైకాలజీ అధ్యయనాలను మళ్లీ చేసి చూసింది. మొదటిసారి 97 శాతం వాటిలో చెప్పుకోదగ్గ ఫలితం వచ్చింది, రెండోసారి 36 శాతం వాటిలోనే. కాబట్టి ఏ పేపర్ చదివినా ‘ఈ ఫలితం ఇంకెవరికైనా వచ్చిందా?’ అని వెతకండి.

3. ప్రశ్నను కుదించండి

ఎక్కువమంది ఇక్కడే చిక్కుకుంటారు. ‘ఫోన్ వల్ల ఏకాగ్రత దెబ్బతింటుందా?’ అన్నది కబుర్లకు పనికొస్తుంది, ప్రాజెక్టుకు కాదు. ఏకాగ్రత అంటే ఏంటి, దాన్ని దేనితో కొలుస్తారు?

1935 నాటి స్ట్రూప్ టెస్ట్ తీసుకుందాం. ‘ఎరుపు’ అనే మాటను నీలం రంగులో చూపించి, రంగేంటో చెప్పమంటారు. నోరు ‘ఎరుపు’ అనబోయి తడబడుతుంది. ఆ ఆలస్యాన్ని మిల్లీసెకన్లలో కొలవచ్చు. ఇప్పుడు ప్రశ్న ఇలా మారుతుంది: ఫోన్ బల్ల మీద ఉన్నప్పుడు ఈ ఆలస్యం, ఫోన్ పక్క గదిలో ఉన్నప్పటి కన్నా ఎక్కువా?

తర్వాత మనుషుల లెక్క. రెండు వేర్వేరు గ్రూపులు పెట్టి, మధ్యస్థ తేడాను (స్టాటిస్టిక్స్ నిపుణుడు కోహెన్ లెక్కలో 0.5, అంటే స్టాండర్డ్ డీవియేషన్‌లో సగం) 80 శాతం పవర్‌తో, అంటే ఆ తేడా నిజంగా ఉంటే నూటికి 80 సార్లు దొరికేలా, పట్టుకోవాలంటే గ్రూపుకు 64 మంది, మొత్తం 128 మంది కావాలి. ఒక్కరే అంతమందిని ల్యాబ్‌కు రప్పించేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. అదే మనిషిని రెండు పరిస్థితుల్లోనూ పరీక్షిస్తే 34 మంది దాకా దిగవచ్చు. కాకపోతే సగం మందికి ఫోన్ ఉన్న వంతు ముందు, మిగతా సగానికి తర్వాత రావాలి. లేదంటే రెండోసారి వేగం పెరిగింది ఫోన్ లేకపోవడం వల్లో, అలవాటు వల్లో తేల్చలేరు.

4. అనుమతి వచ్చాకే డేటా

ఎథిక్స్ కమిటీ సరే అనకముందు ఒక్కరి దగ్గరా డేటా తీసుకోకండి. 1960ల్లో అమెరికన్ సైకాలజిస్ట్ మిల్‌గ్రామ్ చేసిన ప్రయోగంలో పాల్గొన్నవాళ్లలో చాలామంది అవతలి మనిషికి నిజంగానే కరెంట్ షాక్ ఇస్తున్నామని నమ్మారు. ఇప్పుడైతే దాన్ని అదే తీరులో ఒప్పుకోరు. సమ్మతి పత్రం, మధ్యలో మానుకునే హక్కు, చివర్లో అసలు విషయం వివరించడం, ఈ మూడూ దరఖాస్తులో స్పష్టంగా ఉండాలి. దరఖాస్తు సవరణలకు తిరిగొస్తుంది, కాబట్టి తొందరగా పెట్టండి.

5. గైడ్ దగ్గరకు కాగితంతో వెళ్లండి

‘ఏం చేయమంటారు సార్?’ అని అడిగితే గంట గడుస్తుంది, పని గడవదు. ఒక పేజీ రాసుకెళితే కనీసం దాని మీద గీతలైనా పడతాయి.

6. మిమ్మల్ని మీరే పరీక్షించుకోండి

2006లో రోడిగర్, కార్పికీ అనే సైకాలజిస్టులు చేసిన ప్రయోగాల్లో, ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకున్నవాళ్లు వాళ్లను దాటేశారు. విచిత్రం ఏంటంటే, ఈ పేపర్‌ను కూడా హైలైటర్‌తో గీసుకుంటూ చదివే సైకాలజీ విద్యార్థులున్నారు.

7. రాసేటప్పుడు మెథడ్‌తో మొదలెట్టండి

చేసిన పనే కాబట్టి చెయ్యి ఆగదు. ఉపోద్ఘాతం చివర్లో రాసినా నష్టం లేదు. ఫలితం రాలేదా? ఎందుకు రాకపోయి ఉండొచ్చో డిస్కషన్‌లో (ఫలితాలను చర్చించే భాగంలో) విడమరిచి రాయండి, దానికి మార్కులు పోవు. డేటా చూశాక ఊహను మార్చేసి, ముందు నుంచీ అదే అనుకున్నట్టు రాస్తే మాత్రం పరీక్షకులు పట్టేస్తారు.