పీహెచ్‌డీ చేస్తూ ఇంటికీ, లోకానికీ దూరం కాకుండా ఉండటం ఎలా

ఇంట్లో చిన్నపిల్లలు ఉండి పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లని, మాస్టర్స్ థీసిస్ రాస్తున్నవాళ్లని అందరూ అడిగేది ఒకటే, టైమ్ ఎలా సరిపోతోంది అని. నేను మొదటి ఏడాదంతా టైమ్‌టేబుల్సే వేసుకున్నాను, చదువుకి ఇన్ని గంటలు ఇంటికి ఇన్ని గంటలు అని, గంటలైతే కుదిరాయి కానీ మనసు కుదర్లేదు. ఒక సాయంత్రం మా పాప బొమ్మ గీసి తెచ్చింది, బాగుంది తల్లీ అన్నాను, అది కదలకుండా అక్కడే నిలబడి "అయితే ఇందులో నువ్వెక్కడున్నావో చెప్పు నాన్నా" అంది. నేనసలు బొమ్మ చూడలేదు, బుర్రంతా పని సగంలో వదిలేసి లేచిన టేబుల్ దగ్గరే ఉంది. ఆ రోజు చాలా బాధేసింది.

దీని మీద రీసెర్చ్ ఉంది. సోఫీ లెరోయ్ అనే ఆవిడ 2009లో రాసిన పేపర్‌లో దీన్ని అటెన్షన్ రెసిడ్యూ అంది, అంటే పని మార్చినా ధ్యాస కొంత పాత పనికే అతుక్కుని ఉండిపోవడం. తర్వాత 2018లో ఇంకొకరితో కలిసి రాసిన పేపర్‌లో మందు కూడా చెప్పింది, లేచే ముందు ఎక్కడ ఆగామో, మళ్లీ వచ్చాక ఏం చేయాలో క్లుప్తంగా రాసి పెట్టుకుంటే ఆ అతుకు తగ్గుతుందని. నేను చేసేది ఇదే, లేవాల్సిన టైమ్‌కి పది నిమిషాల ముందే ఆపేసి ఒక కాగితం మీద రెండు ముక్కలు రాస్తాను. "చాప్టర్ 2 పూర్తి చేయాలి" అని రాస్తే ఏం లాభం లేదు, "టేబుల్ 3లో రెండో వరుస మొత్తం తప్పొస్తోంది, ముందు ఖాళీ ఎంట్రీలు లెక్కపెట్టు" అని అంత వివరంగా ఉండాలి, అప్పుడే బుర్ర దాన్ని వదులుతుంది. మిగతావేవీ చేయకపోయినా ఇదొక్కటి చేయండి.

చదవాల్సిన రీసెర్చ్ పేపర్లు కుప్పపడితే కేశవ్ అనే కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్ 2007లో రాసిన మూడు విడతల పద్ధతి పట్టుకోండి, అంటే ఒకే పేపర్‌ని మూడుసార్లు, ప్రతిసారీ ఇంకాస్త లోతుగా చదవడం. మొదటి విడత 5 నుంచి 10 నిమిషాలే, టైటిల్, అబ్‌స్ట్రాక్ట్, ఇంట్రడక్షన్, హెడ్డింగులు, కన్‌క్లూజన్, అంతే. పిల్లలు నిద్రపోయినప్పుడు ఇలాంటివి మూడు నాలుగు అయిపోతాయి. రెండో విడతకి గంట దాకా పడుతుంది. మూడోదానికి గంటలకి గంటలు కావాలి, అది దొరికిన సందులో అయ్యేది కాదు, ముందు వారమే ఇంట్లో మాట్లాడి ఒక పూట అడిగి పెట్టుకోవాలి.

ఇంట్లో మాట్లాడటం అంటే డెడ్‌లైన్ ముందు రోజు చెప్పడం కాదండీ. వారానికోసారి ఇద్దరూ క్యాలెండర్ ముందు పావుగంట కూర్చోండి, మీ డెడ్‌లైన్‌తో పాటు అవతలి వాళ్లకి ఆ వారం ఏం కావాలో కూడా అందులో రాయండి, బిజీగా ఉంటాను అనేబదులు గురువారం రాత్రి సబ్‌మిట్ చేస్తాను, శుక్రవారం ఇంటిపని మొత్తం నాది అని చెప్పండి, చెప్పాక శుక్రవారం ల్యాప్‌టాప్ తెరవద్దు.

ఇక వార్తలు. నోటిఫికేషన్లు అన్నీ ఆపేసి, రోజుకి ఒక్కసారి ఇరవై నిమిషాలు చాలు, కానీ నిద్రపోయే ముందు మాత్రం వద్దు. అన్నీ తెలుసుకోవాలని చూస్తే ఏదీ తెలీదు, మీ మనసుకి దగ్గరైన విషయం ఒకటి రెండు ఎంచుకుని నెలల తరబడి దాన్నే ఫాలో అవ్వండి. నాకు వాతావరణ మార్పు. దాని మీద ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ 2023 మార్చిలో ఇచ్చిన రిపోర్టుకి పాలసీ చేసేవాళ్ల కోసం రాసిన సారాంశం విడిగా ఉంది, దాన్నీ పేపర్ చదివినట్టే మొదటి విడత, రెండో విడత అని చదివాను, నెలంతా చూసిన హెడ్‌లైన్ల కంటే అదే ఎక్కువ నేర్పింది. చదివింది భోజనాల దగ్గర పిల్లలకి అర్థమయ్యే మాటల్లో చెప్పి చూడండి, వాళ్లడిగే ప్రశ్నలకి మనకెంత అర్థమైందో బయటపడుతుంది.

అన్నీ ఒకేసారి మీద పడే వారాలు తప్పవు, ఏది ముందు వదలాలో ప్రశాంతంగా ఉన్నప్పుడే రాసి పెట్టుకోండి. నా వరసలో ముందు వార్తలు వారానికోసారికి తగ్గుతాయి, తర్వాత రెండో విడత చదువులు ఆగుతాయి, పాపని పడుకోబెట్టే అరగంట మాత్రం ఆ లిస్టులో లేదు. ఇలా వరసగా మూడు వారాలు గడిస్తే మీ గైడ్‌తో మాట్లాడండి, గడువు పొడిగింపు, పార్ట్‌టైమ్, సెలవు, వీటిలో మీ యూనివర్సిటీలో ఏవి ఉన్నాయో కనుక్కోండి, డెడ్‌లైన్ దాటకముందే ఈమెయిల్‌లో రాతపూర్వకంగా అడగండి.