చలిలో ఫెటీగ్ టెస్ట్: శాంపిల్ జారినా, గ్రిప్ దగ్గర విరిగినా

ఫెటీగ్ టెస్ట్ అంటే శాంపిల్‌కి మళ్లీ మళ్లీ లోడ్ పెట్టి, ఎన్ని సైకిల్స్‌కు విరుగుతుందో చూడటం. గది ఉష్ణోగ్రతలో చక్కగా నడిచిన గ్లాస్ ఫైబర్-ఎపాక్సీ శాంపిల్ లిక్విడ్ నైట్రోజన్‌లో, అంటే మైనస్ 196 డిగ్రీల దగ్గర, మొరాయిస్తే వెంటనే మెటీరియల్‌ని అనుమానించకండి. ముందు గ్రిప్ (శాంపిల్ చివరలను పట్టుకునే భాగం) చూడండి.

సమస్య: చల్లబడ్డాక శాంపిల్ జారుతోంది

లోడ్ కంట్రోల్‌లో (మెషీన్ లోడ్‌ని స్థిరంగా పాటించే పద్ధతిలో) నడుపుతుంటే యాక్చుయేటర్ (లాగే భాగం) స్థానం మెల్లగా పక్కకు జరుగుతుంది, ఎక్స్‌టెన్సోమీటర్ (శాంపిల్ సాగుదలను కొలిచే పరికరం) రీడింగ్ మాత్రం మారదు. అప్పుడది జారుడే. రెండూ కలిసి పెరిగితే లోపల డ్యామేజ్ మొదలైందేమో చూడాలి. శాంపిల్ బయటకు తీశాక ట్యాబ్ (గ్రిప్ పట్టే చోట శాంపిల్‌కి అంటించే పలక) మీద గ్రిప్ పళ్ల గుర్తులు చూడండి. గుంటలు స్పష్టంగా ఉంటే పట్టు బాగున్నట్టు, గీతలుగా సాగి ఉంటే జారినట్టు.

కారణం: పొడవునా ఫైబర్లు సంకోచాన్ని ఆపుతాయి, మందంలో ఆపేవి లేవు. ఆ చలికి జీ-10 లామినేట్ (ఒక రకం గ్లాస్-ఎపాక్సీ పలక) పొడవులో సుమారు 0.2 శాతం తగ్గితే, మందంలో 0.6 శాతం దాటుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ తగ్గేది 0.3 శాతం లోపే. కాబట్టి ఎంత గట్టిగా బిగించిన బోల్టు గ్రిప్ అయినా వదులవుతుంది.

పరిష్కారం: బోల్టుల కింద డిస్క్ స్ప్రింగ్ వాషర్లు వేయండి, లేదా లాగేకొద్దీ బిగిసే వెడ్జ్ (చీల ఆకారపు) గ్రిప్ వాడండి. వెడ్జ్‌కి మామూలు గ్రీజు రాస్తే అది గడ్డకట్టి వెడ్జ్ కదలదు. మాలిబ్డినం డైసల్ఫైడ్ పొడి రాయండి.

సమస్య: ట్యాబ్ ఊడుతోంది, లేదా దాని అంచునే విరుగుతోంది

అల్యూమినియం ట్యాబ్ అయితే అది దాదాపు 0.4 శాతం తగ్గుతుంది, చలికి పెళుసైన జిగురు ఆ తేడాను తట్టుకోలేదు. గ్లాస్-ఎపాక్సీ ట్యాబ్ పెట్టి, అంచును ఏటవాలుగా చెక్కండి. గ్రిప్‌లో విరిగిన శాంపిల్‌ని మిగతావాటితో కలిపి ఎస్-ఎన్ గ్రాఫ్‌లో (ఎంత ఒత్తిడికి ఎన్ని సైకిల్స్ తట్టుకుందో చూపేది) వేయకండి.

సమస్య: సైకిల్స్ మొదలుకాకముందే చిటపట శబ్దం

డిస్‌ప్లేస్‌మెంట్ కంట్రోల్‌లో (యాక్చుయేటర్ స్థానాన్ని కదలకుండా ఉంచే పద్ధతిలో) చల్లబరిస్తే గ్రిప్‌లను పట్టే రాడ్లు కుంచించుకుపోయి శాంపిల్‌ని లాగేస్తాయి. లోడ్ కంట్రోల్‌లో, సున్నాకు దగ్గరగా ఉంచి, మెల్లగా చల్లబరచండి.

సమస్య: గ్రాఫ్ నమ్మశక్యంగా లేదు

గ్లాస్ లామినేట్ బలం చలిలో సాధారణంగా పెరుగుతుంది. గది ఉష్ణోగ్రత బలంలో 60 శాతం లోడ్ పెడితే, చలిలోని బలంలో అది 60 శాతం కాదు. స్టాటిక్ టెస్ట్ (ఒకేసారి లాగి విరిచి బలం కొలిచేది) కూడా అదే చలిలో చేయాలి. ద్రవంలో కాకుండా చల్లని గ్యాస్ ఛాంబర్‌లో చేస్తుంటే థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) శాంపిల్‌నే తాకాలి, వేడెక్కుతుంటే ఫ్రీక్వెన్సీ తగ్గించండి.

5 హెర్ట్జ్‌లో పది లక్షల సైకిల్స్‌కు 55 గంటలు పైనే పడుతుంది. అంతసేపూ నైట్రోజన్ ఆవిరవుతూనే ఉంటుంది, ఒక్క లీటరు ద్రవం దాదాపు 700 లీటర్ల వాయువు అయి గదిలో ఆక్సిజన్‌ని తగ్గిస్తుంది. ఆక్సిజన్ అలారం లేని గదిలో రాత్రిపూట ఈ టెస్ట్ నడపకండి.