లూపస్, కీళ్ళవాతం ఉన్న ఆడవాళ్ళు పెళ్ళిళ్ళ సీజన్‌కి ముందే చదవాల్సిన జాగ్రత్తలు

మూఢం వెళ్ళిపోతోంది, ముహూర్తాలు వరసగా ఉన్నాయి. ఒడిశాలోని మా రాయగడలో నేను పనిచేసే మెడికల్ షాపుకి "నెలసరి డేట్ వెనక్కి జరిపే మాత్రలున్నాయా" అని అడిగేవాళ్ళు అప్పుడే వస్తున్నారు. పోయిన సీజన్‌లో గుణుపూర్ వైపు ఒక కోడలికి జరిగింది తలచుకుంటే ఆ స్ట్రిప్ చేతికివ్వడానికి భయమేస్తోంది. ఆమెకి లూపస్, అంటే ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే ఒంటిమీద దాడి చేసే జబ్బు, మందులు విశాఖ డాక్టర్‌వి. ఆడపడుచు పెళ్ళిలో పనులన్నీ తనమీదే, ఆ నాలుగు రోజులు బయట చేరితే కుదరదని అత్తగారు ఎక్కడో షాపు నుంచి మాత్రలు తెప్పించి రోజుకి మూడు చొప్పున వేయించింది. ఎడమకాలి పిక్క వాచింది. కీళ్ళ జబ్బే కదా అని నూనె రాసి మర్దనా చేశారు. కాలిలోని రక్తపు గడ్డ ఊపిరితిత్తుల్లోకి వెళ్ళింది. పార్వతీపురం మీదుగా విశాఖ చేర్చేసరికి ఐసీయూ. బతికింది, కానీ రక్తం పల్చబడే మందు ఇంకా వాడుతూనే ఉంది.

ఎండలో తిరక్కండి, మందు మానకండి లాంటివి మీకు తెలుసు, అవి వదిలేస్తా. నేను చూసినంతలో మనుషుల్ని ముంచుతున్న తప్పు ఒక్కటే. కీళ్ళ డాక్టర్ ఫైలు చూపించకుండా గర్భం రాకుండా వాడే మాత్రగానీ, నెలసరి జరిపే మాత్రగానీ మింగేయడం.

మన వైపు ఈ తప్పు జరగడం చాలా తేలిక. ఫైలు విశాఖలో ఇంగ్లీషులో రాసింది, ఆశా దీదీ రిజిస్టరు ఒడియాలో, ఇంట్లో మాట తెలుగులో. ఈ మూడూ ఒకచోటికి రావు. కీళ్ళ డాక్టర్ వేళ్ళ వాపు చూస్తారు, పక్కన మామగారు నిలబడి ఉంటే పిల్లల సంగతి ఏం అడుగుతారు, అడిగినా ఈవిడ ఏం చెబుతుంది? ఆశా దీదీ ఎంతమంది పిల్లలని అడుగుతుంది తప్ప లూపస్ సంగతి ఆమెకి ఎవరూ చెప్పరు. షాపువాడు డబ్బులే చూస్తాడు, మాలో అలాంటివాళ్ళు చాలామందే ఉన్నారు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, లూపస్ ఉన్నవాళ్ళలో దాదాపు మూడో వంతు మందికి రక్తంలో యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు ఉంటాయి. ఇవి రక్తాన్ని గడ్డకట్టిస్తాయి. వీటికి మూడు రక్తపరీక్షలుంటాయి: లూపస్ యాంటీకోయాగులెంట్, యాంటీకార్డియోలిపిన్, బీటా-2 గ్లైకోప్రోటీన్. పాజిటివ్ వస్తే 12 వారాల తర్వాత మళ్ళీ చేయించి ఖాయం చేసుకోవాలి. లూపస్ అనుమానం వస్తే చేసే ఏఎన్‌ఏ రిపోర్టు చేతిలో పెట్టుకుని "అన్నీ చేయించాం" అంటారు చాలామంది. అది వేరే పరీక్ష. ఈ యాంటీబాడీలు ఉన్నవాళ్ళకి మాలా-ఎన్, మాలా-డి లాంటి ఈస్ట్రోజెన్ (రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచే ఆడ హార్మోన్) కలిసిన మాత్రలు పూర్తిగా నిషేధం. లూపస్ బాగా రేగి ఉన్నప్పుడు, కిడ్నీ దెబ్బతిన్నప్పుడు కూడా వద్దు. జబ్బు అణిగి, ఆ పరీక్షలు నెగెటివ్ ఉంటే డాక్టర్ ఇవ్వొచ్చు, అంటే లూపస్ ఉంటే చాలు ఏ మాత్రా పడదని కాదు. ఇక నెలసరి జరిపే నోరెథిస్టెరోన్‌లో ఈస్ట్రోజెన్ లేదు కదా అంటారు, కానీ ఆ మోతాదులో వేసుకుంటే ఒంట్లోకి వెళ్ళాక కొంత భాగం ఈస్ట్రోజెన్‌గానే మారుతుంది.

ఫైలు దాచితే ఇంకోవైపు నుంచీ దెబ్బే. ఈ జబ్బులకి ఇచ్చే మెథోట్రెక్సేట్, మైకోఫినోలేట్, లెఫ్లునోమైడ్, సైక్లోఫాస్ఫమైడ్ వాడుతూ గర్భం వస్తే బిడ్డకి అవకరాలు రావచ్చు, గర్భం పోవచ్చు. మెథోట్రెక్సేట్‌ని గర్భానికి ఒకటి నుంచి మూడు నెలల ముందు, మైకోఫినోలేట్‌ని కనీసం 6 వారాల ముందు ఆపాలి, అదీ డాక్టర్ వేరే మందు పెట్టాకే. లెఫ్లునోమైడ్ మానేసినా దాని అవశేషం 2 ఏళ్ళ దాకా ఒంట్లో ఉండొచ్చు, దాన్ని కడిగేయడానికి వేరే మందు ఇస్తారు. "నాకు నెలసరే సరిగ్గా రావట్లేదు, ఇంక గర్భమేంటి" అనే మాట కౌంటర్ దగ్గర ఎన్నిసార్లు విన్నానో. నెలసరి తప్పుతున్నా అండం విడుదల కావొచ్చమ్మా!

మరి ఏం వాడాలి? ఎక్కువమందికి గర్భసంచిలో పెట్టే కాపర్-టీ, అదే లూప్. సర్కారు ఆసుపత్రిలో ఉచితం, 380-ఏ రకం 10 ఏళ్ళు పనిచేస్తుంది, ఏడాదిలో నూరుమందిలో ఒకరికి మించి గర్భం రాదు. కండోమ్ మామూలుగా వాడే తీరులో అయితే నూరుకి 13 మందికి వస్తుంది. రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్ళకి లూప్ వేస్తే ఇన్‌ఫెక్షన్ వస్తుందనే భయం చాలామంది నర్సులకి కూడా ఉంది, అది సరికాదు, వేయించుకోవచ్చు. ఇంకా పిల్లలు పుట్టనివాళ్ళూ వేయించుకోవచ్చు. రక్తం పల్చబడే వార్ఫరిన్ వాడుతూ నెలసరిలో రక్తం ఎక్కువగా పోయేవాళ్ళు హార్మోన్ లూప్ గురించి అడగండి, ఖర్చు ఎక్కువే కానీ రక్తస్రావం తగ్గుతుంది.

గర్భం రాకుండా మూడు నెలలకోసారి వేసే అంతరా ఇంజెక్షన్ ఎముకల్ని పల్చబరుస్తుంది. స్టెరాయిడ్ ఏళ్ళ తరబడి వాడుతుంటే వద్దు. యాంటీబాడీలు ఉంటే అసలే వద్దు.

గర్భం రాకుండా వాడే ఛాయా మాత్రలో హార్మోన్ లేదు నిజమే, అయినా కిడ్నీ, లివర్ జబ్బుంటే పనికిరాదు. ఫైలు చూపించి అడగండి.

మైకోఫినోలేట్ వాడేవాళ్ళు గర్భనిరోధక మాత్ర ఒక్కదాన్నే నమ్ముకోకండి, దాని బలం తగ్గొచ్చు. లూప్, లేదంటే రెండు పద్ధతులు కలిపి.

కండోమ్ చిరిగితే 72 గంటల లోపు వేసే అత్యవసర మాత్ర, లెవోనార్జెస్ట్రెల్, యాంటీబాడీలు ఉన్నవాళ్ళు కూడా వేసుకోవచ్చు. దీనికి మాత్రం జంకకండి.

పిల్లలు చాలనుకుంటే మగవాళ్ళు ఆపరేషన్ చేయించుకోవచ్చు, కోత కుట్టు లేనిది, చిన్నది. భార్యకి ఇన్ని మందులు పడుతుంటే ఇంకో భారం ఆమె మీదే ఎందుకు? తర్వాత 3 నెలలు, పరీక్షలో వీర్యకణాలు లేవని తేలేదాకా కండోమ్ వాడాలి.

మెథోట్రెక్సేట్ లాంటి ఆ మందులమీద ఉండగా గర్భం అనుమానం వస్తే అదే రోజు పరీక్ష, అదే రోజు డాక్టర్‌కి ఫోన్. హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రం మానకండి, అది గర్భంలోనూ కొనసాగించేదే.

అబార్షన్ కిట్ షాపులో కొని మింగొద్దు. స్టెరాయిడ్ దీర్ఘకాలం వాడేవాళ్ళకి, రక్తం పల్చబడే మందు వాడేవాళ్ళకి అది ప్రమాదం.

పెళ్ళిలో వదినగారి స్ట్రిప్ పంచుకోవద్దు. మా రాయగడ మజ్జిగౌరమ్మ దర్శనం కోసం కూడా వద్దు, అమ్మవారు వచ్చే వారం కూడా అక్కడే ఉంటుంది.

ఒక కాలే వాస్తే, పిక్క నొప్పెడితే మర్దనా చేయొద్దు. ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో పట్టేసినా, మాట తడబడినా 108కి ఫోన్ చేయండి. లూపస్ ఉందనీ, ఏ మాత్ర మింగారో అదీ మొదటి మాటలోనే చెప్పండి.

ఫైలు మొదటి పేజీ, మూడు పరీక్షల రిపోర్టు ఇవాళే ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. మాత్ర అడిగే ముందు ఆ ఫోటో తెరిచి కౌంటర్ మీద పెట్టండి. చూడకుండా ఇచ్చే షాపులో కొనకండి.