మీ తెలుగు బడి గోడు ఒడిశా శాసనసభలో వినిపించాలంటే

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు బడిలో టీచరు లేకపోతే, మంత్రి చుట్టూ తిరిగే బదులు మీ ఎమ్మెల్యేనే పట్టుకోండి. 147 మంది ఉన్న సభలో వెనక వరుస సభ్యుడికి దొరికే సమయం తక్కువ. అందుకే ఆయన చేతిలో ఒక్క కాగితమే పెట్టండి, అదీ ఒడియాలో.

ముందు సమాచార హక్కు దరఖాస్తు. ఒడిశాలో ఫారం-ఎ నింపాలి, రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. బడి 11 అంకెల యూడైస్ కోడ్ (ప్రతి బడికీ ఇచ్చే గుర్తింపు సంఖ్య) వేసి, పిల్లలెందరు, మంజూరైన పోస్టులెన్ని, ఖాళీలెన్ని అని అడగండి. సమావేశాలు మొదలయ్యాక కదిలితే జవాబు వచ్చేసరికి సభ ముగిసిపోతుంది.

అసలు కిటుకంతా ప్రశ్న రాయడంలోనే ఉంది. ‘తెలుగు బడుల అభివృద్ధికి చర్యలు తీసుకుంటున్నారా?’ అంటే ‘తీసుకుంటున్నాం’ అని తేల్చేస్తారు. ఇలా రాయండి: ‘60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికీ ఇద్దరు టీచర్లు ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఫలానా బడిలో ఒక్కరే ఎందుకున్నారు? రెండో పోస్టు ఏ తేదీకి నింపుతారు?’

నక్షత్రపు గుర్తు ప్రశ్నకు మంత్రి నోటితో జవాబిస్తారు, అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. గుర్తు లేనిదానికి రాతపూర్వక జవాబే. అంకెలు రాబట్టాలంటే మాత్రం ఇదే మేలు.

విద్యాశాఖ పద్దు చర్చకొస్తే రాజ్యాంగంలోని 350ఎ అధికరణాన్నీ కాగితంలో చేర్చండి. ప్రాథమిక దశలో భాషా మైనారిటీ పిల్లలకు మాతృభాషలో చదువు ఏర్పాటు చేయాలన్నది అందులోదే.